ఆడపిల్ల సైకిలుకు ఓ రక్షరేకు

జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్లలో ఒక పని తప్పదు. పుస్తకాలకు అట్టలు వేయడం! బ్రౌను పేపరు చుట్టలు, కత్తెర, గమ్ము, పేర్ల చీటీలు ముందేసుకుని రాత్రి పదకొండు దాకా కూర్చుంటాం. ఏడాది తిరిగేసరికి పాత పేపర్ల వాడి తక్కెడలోకి వెళ్లిపోయే లెక్కల పుస్తకానికి ఇంత మర్యాద చేస్తాం. మరి ఆ పుస్తకాల సంచినీ, దాన్ని తగిలించుకున్న పిల్లనూ కలిపి రోజూ మోసే సైకిలుకు ఏం చేస్తున్నాం? కొన్న రోజు పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ నలిపించి, వీధిలోకి తోలేస్తాం. ఆ తర్వాత దాని మంచిచెడ్డలు పంక్చరు పడినప్పుడే గుర్తొస్తాయి.

ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. మన బడులు తెరిచేదీ ఆ దరిదాపుల్లోనే. కాబట్టి పనిలో పనిగా సైకిలుకూ ఒక అట్ట వేయమంటాను నేను. ‘సైకిలుకు అట్ట ఏమిటి, చోద్యం కాకపోతే!’ అని నవ్వకండి. సెల్‌ఫోను అద్దం మీద అతికించే స్క్రీన్‌గార్డు ఉంది చూశారూ, దానికి అక్కచెల్లెలి వరసయ్యే ఫిల్ము ఒకటి సైకిలు ఫ్రేముకూ ఉంది. వేసినట్టే కనబడదు. గీతలు తాను పడి, కింద ఉన్న రంగును కాపాడుతుంది. దాన్ని ఇంట్లో మనమే అతికించుకోవచ్చు. జాకెట్టు కత్తిరించడం వచ్చిన చేతికి ఇదేమంత కొత్త విద్య కాదు.

ఒక సైకిలు, మూడు ఊళ్లు

మా కుటుంబంలో ఒక సైకిలు ఉంది. పుంగనూరులో పుట్టి, మదనపల్లెలో పెరిగి, ఇప్పుడు కుప్పం దగ్గర ఒక పల్లెలో కాపురముంటోంది. ఈ మూడు ఊళ్లనూ 42వ నంబరు జాతీయ రహదారి ఒకే దారానికి పూలు గుచ్చినట్టు కలుపుతుంది. ఆ దారి వెంబడే మా సైకిలూ ఒక ఆడపిల్ల చేతి నుంచి ఇంకో ఆడపిల్ల చేతికి మారుతూ వచ్చింది.

మొదట కొన్నది పుంగనూరులో, మా ఆడపడుచు వాళ్లు. వాళ్లమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చినప్పుడు ఎర్రరంగు లేడీస్ సైకిలు తెచ్చారు. పుంగనూరు ఆవులాగా పొట్టిగా, ముద్దుగా ఉండేది. కొత్త సైకిలు ఫ్రేముకు పాలిథిన్ కవరు చుట్టి వస్తుంది కదా! దాన్ని తీయడానికి ఆ ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. “తీస్తే గీతలు పడతాయి వదినా, ఉండనీ” అంది మా ఆడపడుచు. కవరు చిరిగిన చోటల్లా నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటూ వచ్చారు. ఇదేదో ఆ ఒక్క ఇంటి ముచ్చట కాదు. కొత్త ఫ్రిజ్జు మీదా, సోఫా మీదా, చివరికి టీవీ రిమోటు మీదా కవరు తీయని ఇళ్లు మనకు తెలియనివా!

రెండేళ్లు గడిచాయి. ఆ అమ్మాయి పది పాసై, ఇంటర్ చదవడానికి తిరుపతి హాస్టలుకు వెళ్లింది. సైకిలు మదనపల్లెలో మా ఇంటికి చేరింది. మా అమ్మాయికి అప్పుడు ఏడో తరగతి. తొక్కేముందు ఒకసారి చూపిద్దామని మా వీధి చివర సైకిలు షాపుకు తీసుకెళ్లాం. ఆయన కవరును బ్లేడుతో కోసి, కొన నుంచి కొనకు లాగేశాడు. లోపల చెమట పట్టినట్టు తేమ. ఎర్రరంగు మీద గోధుమరంగు చారలు. పెడల్ దగ్గర అతుకు పక్కన వేలి గోరంత మేర రంగు పొలుసులా లేచి, ఇనుము బయటపడి ఉంది.

“కప్పినారు గానీ ఆరనీయలేదక్కా. పైన జూస్తే పెండ్లికూతురు, లోపల జూస్తే తుప్పు” అన్నాడాయన. కత్తి మొనతో గీకి, సుత్తితో మెల్లగా తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “ఇంకా పైపైనే ఉండాది. ఇనుము గట్టిగానే ఉండాది. ఇంకో రెండేండ్లు అట్లనే ఉండింటే అతుకు కాడ తినేసి ఉండు” అన్నాడు.

కప్పడం వేరు, కాపాడటం వేరు. ఆ మాట అప్పటికి ఆ సైకిలు చెప్పింది.

ఇనుముకు చర్మం దాని రంగే

మా మదనపల్లె బి.టి. కాలేజీని 1915లో అనిబిసెంట్ స్థాపించింది. అక్కడ నేను డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ వంటింట్లో ఎంత పనికొచ్చిందో తెలియదు గానీ, ఈ సైకిలు దగ్గర మాత్రం అక్కరకొచ్చింది.

ఇనుముకు తుప్పు పట్టాలంటే రెండు కావాలి. ఒకటి నీరు, రెండు గాలిలోని ఆక్సిజన్. ఉప్పు తోడైతే పని ఇంకా తొందరగా అవుతుంది. రంగు ఉన్నంతకాలం ఈ రెండూ ఇనుమును ముట్టుకోలేవు. గీత పడి రంగు లేస్తే అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. మొదలైన చోటే ఆగకుండా, చుట్టూ ఉన్న రంగు కిందికి పాకి దాన్ని కూడా లేపుతుంది. చెద పట్టిన గోడలా అన్నమాట. పైకి చిన్న చుక్క, లోపల అరచేతి వెడల్పు.

మరి కవరు చుట్టితే నీళ్లు తగలవు కదా, తుప్పు ఎందుకు పట్టింది? ఎందుకంటే ఆ కవరు వదులుగా ఉంటుంది. వాన నీరు అంచుల నుంచి సన్నగా లోపలికి పోతుంది. పోయిన నీరు ఎండకు ఆరదు, గాలికి ఎగరదు. ఇనుముకూ ప్లాస్టిక్కుకూ మధ్య పలచటి పొరలా నిలిచిపోతుంది. మూత పెట్టిన అన్నం గిన్నె లోపల ఆవిరి పట్టినట్టు, చలికాలం తెల్లవారుజామున కవరు లోపలే మంచు పడుతుంది. మన చుట్టుపక్కల ఊళ్లకు నైరుతి వానలూ ఉన్నాయి, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య వానలూ ఉన్నాయి. తడిసి ఆరని రోజులు తక్కువేమీ కాదు.

పాత రోజుల్లో మగవాళ్లు పెద్ద సైకిళ్లను ఎంత శ్రద్ధగా చూసుకునేవారో మీకు గుర్తుండే ఉంటుంది. మా మామగారు ప్రతి ఆదివారం తన అట్లాసు సైకిలును నూనెగుడ్డతో తుడిచేవారు. చైను తగిలే బారుకు పాత ట్యూబు ముక్క చుట్టి కట్టేవారు. అది ఇప్పటికీ మా పెరట్లో ఉంది. ఆ కంపెనీ వాళ్ల చివరి ఫ్యాక్టరీ సాహిబాబాదులో 2020 జూన్ 3న, సరిగ్గా సైకిలు దినం నాడే మూతపడింది. ట్యూబు చుట్టడం దెబ్బలకు మంచిదే. కానీ దాని కిందా నీళ్లు నిలుస్తాయి. మామగారు రెండు నెలలకోసారి విప్పి, తుడిచి, ఆరబెట్టి మళ్లీ కట్టేవారు కాబట్టి సరిపోయింది. అంత ఓపిక మనకుందా?

ఒంటికి అతుక్కున్న ఫిల్ము సంగతి అలా కాదు. దానికీ రంగుకూ మధ్య నీరు నిలిచే సందు ఉండదు. పైగా పారదర్శకం కాబట్టి కింద ఏం జరుగుతోందో కళ్లకు కనబడుతుంది. అసలు గుణం అదే.

హెలికాప్టరు రెక్క నుంచి సైకిలు బారు దాకా

ఈ ఫిల్ముకు ఒక కథ ఉంది. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం హెలికాప్టర్లు దిగినప్పుడల్లా ఇసుక, రాళ్లు లేచి రెక్కలకు కొట్టుకునేవట. వాటిని కాపాడటానికి త్రీఎం కంపెనీ పాలీయురేథేన్ అనే పదార్థంతో గట్టి, సాగే పొరను తయారుచేసింది. యుద్ధం అయ్యాక అది పందెం కార్లకు వచ్చింది, తర్వాత మామూలు కార్లకు, అక్కడి నుంచి సైకిళ్లకు. విదేశాల్లో సైకిళ్లవాళ్లు ఇప్పటికీ దాన్ని ‘హెలికాప్టర్ టేపు’ అంటారు.

బజారులో ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పీవీసీ, అంటే వినైల్. రేడియం స్టిక్కర్లు కోసే షాపుల్లో ఉండే పారదర్శక స్టిక్కరు ఇదే. చవక. కానీ కాస్త బిరుసు, గుండ్రటి చోట్ల అంచులు లేస్తుంది. ఎండకు కొన్నాళ్లకు పచ్చబడుతుంది. రెండోది పాలీయురేథేన్. ‘టీపీయూ’ అని అడిగితే ఇస్తారు. మెత్తగా సాగుతుంది, గుండ్రటి బారుకు చక్కగా ఒదుగుతుంది. మందం మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది, లేదా అంతకు కాస్త తక్కువ. ఖరీదు ఎక్కువే. అయితే దీనికో చిట్కా ఉంది. కారు డెకార్స్ షాపుల్లో పెద్ద కార్లకు ఈ ఫిల్ము వేసినప్పుడు జానెడు, మూరెడు ముక్కలు మిగిలిపోతాయి. సైకిలుకు కావలసింది ఆ ముక్కలే! నేను బెంగళూరు రోడ్డులో ఒక షాపులో అడిగి తెచ్చుకున్నాను. స్పిరిటు, రంగు అన్నీ కలిపి మూడు వందల రూపాయలు దాటలేదు.

ఎక్కడెక్కడ వేయాలి?

సైకిలంతా చుట్టబెట్టనక్కరలేదు. రాపిడి తగిలే చోట్లు వేస్తే చాలు. ఒక ఆదివారం సైకిలును నీడలో నిలబెట్టి చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడ గీతలున్నాయో అదే మీకు పటం గీసి ఇస్తుంది.

• హ్యాండిల్ కింద మెడ దగ్గర: హ్యాండిల్ తిప్పినప్పుడల్లా బ్రేకు వైర్లు ఇక్కడ రాసుకుంటాయి. ముందు బుట్ట ఉంటే అదీ ఇక్కడే తగులుతుంది.

• లేడీస్ సైకిలు కిందికి వంగిన బారు: ఆడపిల్లలు కాలు లోపలి నుంచి దాటించి ఎక్కుతారు. బడి బూటు మడమ రోజుకు నాలుగు సార్లయినా దానికి తగులుతుంది. మగపిల్లల సైకిలుకు ఈ బాధ లేదు కాబట్టి దీని సంగతి ఎవరూ చెప్పరు!

• ఆ బారు అడుగు భాగం: ముందు చక్రం ఎగజిమ్మే కంకర, బురద నేరుగా వచ్చి కొట్టేది దీన్నే.

• చైను పక్కన వెనక్కి పోయే బారు: గతుకుల్లో చైను ఎగిరి దీన్ని కొడుతుంది. చైను కవరు వదులైన సైకిళ్లకు ఇక్కడే ముందు రంగు పోతుంది.

• సీటు కింద నిలువు బారు: గొలుసు తాళం చుట్టి ఉంచేది దీనికే. ఊగుతూ ఊగుతూ అరగదీస్తుంది.

• క్యారియరు బిగించిన చోట: క్లాంపు విప్పి, కింద ఫిల్ము వేసి మళ్లీ బిగించాలి.

అతికించడం ఇలా

మొదటి రోజు శుభ్రం చేయడానికే సరిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడు రెండు చుక్కలు నీళ్లలో కలిపి, మెత్తటి గుడ్డతో ఫ్రేమంతా కడగండి. అతుకుల దగ్గర పాత టూత్‌బ్రష్షు వాడండి. మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఒక రోజంతా ఆరనివ్వండి.

తుప్పు చుక్కలుంటే ముందు వాటి సంగతి చూడాలి. ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ పలచగా పూయండి. ఆరాక దాని మీద ఎనామెల్ రంగు. మరీ ఆవగింజంత గీతలకయితే డబ్బా కొనక్కరలేదు. మీ గోళ్లరంగు సీసాల్లో కలిసే రంగు ఏదో ఒకటి ఉండనే ఉంటుంది! మా ఎర్ర సైకిలుకు మా అమ్మాయి నా గోళ్లరంగే వేసింది. అది ఒక్క రాత్రిలో ఆరిపోతుంది గానీ, కుంచెతో వేసిన ఎనామెల్ మీద మాత్రం రెండు మూడు వారాలైనా ఆగాకే ఫిల్ము వేయాలి. పచ్చి రంగు మీద వేస్తే, తీసేటప్పుడు రంగు కూడా ఊడి వస్తుంది.

తర్వాతది కొలతలు. టైలరింగు టేపు, లేకపోతే దారం చాలు. బారు చుట్టుకొలత చూసి, దానికంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువగా కాగితం కత్తిరించండి. మామూలుగా ఇనుప సైకిలు బారు ఒకటింబావు అంగుళం లోపే లావు ఉంటుంది. 28 మిల్లీమీటర్ల బారుకు చుట్టుకొలత తొమ్మిది సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే అక్కడ మట్టి పట్టి లేస్తుంది. అంచులు కలిసే చోటు దెబ్బ తగలని వైపుకు రావాలి. మూలలు కోసుగా వదలకుండా గుండ్రంగా కత్తిరించండి. గుండ్రటి మూల లేవదు. కాగితం నమూనా బారు మీద సరిగ్గా ఒదిగిందనుకున్నాకే దాన్ని ఫిల్ము మీద పెట్టి గీయండి. ఫిల్ము వెనకవైపు కాగితం మీద గీసేటట్టయితే కుడి ఎడమలు తారుమారవుతాయి. జాకెట్టు చేతుల సంగతి గుర్తుంచుకుంటే చాలు.

అతికించే ముందు బారును స్పిరిటుతో తుడవాలి. సెల్‌ఫోను రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది. చేతులకు రాసుకునే శానిటైజరు జెల్లు వద్దు. అందులోని జిగురు మిగిలిపోతుంది. స్పిరిటు మండుతుంది కాబట్టి ఈ పని పొయ్యికి, దీపానికి దూరంగా, గాలి ఆడే వరండాలో పెట్టుకోండి.

అర లీటరు నీళ్లలో పసిపిల్లల షాంపూ రెండు మూడు చుక్కలు కలిపి, స్ప్రే సీసాలో పోయండి. బారు మీదా, ఫిల్ము జిగురు వైపూ, మీ వేళ్ల మీదా కూడా కొట్టండి. ఈ నీళ్లు ఉన్నంతసేపు ఫిల్ము జారుతుంది. అటూ ఇటూ జరుపుకోవచ్చు, తీసి మళ్లీ వేయవచ్చు. సరైన చోట కుదిరాక, పాత ఏటీఎం కార్డుకు మెత్తటి నూలుగుడ్డ చుట్టి, మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా నీటిని తోసేయండి. దోసె మీద గరిటె తిప్పినట్టు కాదు, అద్దం తుడిచినట్టు. ఒకే వైపుకు.

వంపు దగ్గర ముడత పడితే తలవెంట్రుకలు ఆరబెట్టే డ్రయ్యరుతో గోరువెచ్చగా వేడి చేయండి. ఫిల్ము మెత్తబడి సాగుతుంది. అప్పుడు లాగి అదమండి. నీటి బుడగలు చిన్నవి మిగిలినా కంగారు పడొద్దు. రెండు మూడు రోజుల్లో అవే పోతాయి. గాలి బుడగయితే సన్న సూదితో పొడిచి నొక్కేయండి. ఆ తర్వాత రెండు రోజులు సైకిలును తడపవద్దు.

మేం చేసిన రోజు మా అత్తగారు వరండాలో కూర్చుని అంతా చూసి, “సైకిలుకు నీళ్లు పోసి, తుడిచి, చొక్కా తొడిగే కాలమొచ్చె! మాకెవరు తొడిగినారమ్మా ఇట్ల?” అన్నారు. ఆ మాటకు అందరం నవ్వాం. కానీ మూడో ముక్క దగ్గర మా అమ్మాయి చెయ్యి ఆడక ఆగిపోతే, ఫిల్ము కొనను పట్టుకుని ఒడుపుగా సర్దింది ఆవిడే. ఎన్ని విస్తళ్లు కుట్టిన చేతులవి!

ఇవి మాత్రం వద్దు

రిమ్ముల మీద ఎప్పుడూ వేయకండి. బ్రేకు రబ్బరు పట్టేది అక్కడే. జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఫ్రేము మీద కొట్టిన నంబరును మూయకండి. దాన్ని ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. సైకిలు పోతే పోలీసులు ముందు అడిగేది అదే. ఊడుతున్న స్టిక్కర్ల మీద, తుప్పు మీద వేయకండి. నీరు కారడానికి ఫ్రేము అడుగున చిన్న కంతలుంటే వాటిని వదిలేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి. ఫిల్ము రంగుకు రక్ష, ఇనుముకు బలం కాదు. అతుకుల దగ్గర రంగులో సన్నటి గీత కనబడి, గోటితో లాగితే గోరు తట్టుకుంటే అది పగులు కావచ్చు. అలాంటి సైకిలును ఎక్కకుండా ముందు మెకానిక్‌కు చూపించండి. పగులు మీద ఫిల్ము వేయడం జ్వరం మీద పౌడరు రాయడం లాంటిది.

నాలుగు కిలోమీటర్ల దారి

ఒక సైకిలు రంగు కోసం ఇంత రామాయణమా అని మీకనిపించవచ్చు. ఆడపిల్ల సైకిలంటే ఏమిటో లెక్క చూద్దాం. బీహారులో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2017లో ప్రచురించారు. ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగిందనీ, ఆడమగల మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. ఆ లాభం ఎక్కువగా కనబడింది బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో 2017 ప్రాంతంలో ప్రభుత్వ హైస్కూళ్ల ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. తమిళనాడులోని పుదుక్కోటలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు లక్ష మందికి పైగా ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక చాలామంది మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. అడ్డబారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని దాన్నే మెచ్చుకున్న తల్లులూ ఉన్నారట!

ఇక మా ఇంటి లెక్క. మా చెల్లెలిది కుప్పం దగ్గర పల్లె. ఊళ్లో ఏడు దాకానే బడి. ఎనిమిదికి నాలుగు కిలోమీటర్లు పోవాలి. బస్సు పొద్దున ఒకసారి పోతే మళ్లీ చీకటి పడ్డాకే. వాళ్లమ్మాయి ఏడు పాసయ్యేనాటికి మా అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది. సైకిలు పంపిస్తామని ఫోను చేశాను. మా చెల్లెలి భర్త నసిగాడు.

“పాత బండి కదా వదినా. ఆ దారిలో గనుల లారీలు తిరగతాయి, అంతా కంకర. సాయంత్రం ఐదు దాటితే మనిషి కనపడడు. నడిమధ్యలో ఇరిగితే పిల్ల ఏం జేస్తాది? ఇంకో ఏడాది చూద్దాంలే.”

‘ఇంకో ఏడాది’ అంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. ఏడాది ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల మళ్లీ పుస్తకాల సంచి తగిలించుకోవడం ఎంత కష్టమో తెలుసు. అలాగని ఆయన భయమూ వట్టిది కాదు. తండ్రి కదా!

మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తెచ్చి ఖాళీగా తిరిగిపోతున్న వ్యానులో, క్రేట్ల మధ్య సైకిలును ఎక్కించి పంపాం. వ్యాను దిగేసరికి వంపు బారు మీద క్రేటు రాసుకుని జానెడు పొడుగున తెల్లటి గీత పడిందట. మా చెల్లెలు ఫోనులో ఉస్సురుమంది. గీత ఫిల్ము మీదా, రంగు మీదా గోటితో గీకి చూడమన్నాను. ఫిల్ము మీదే.

ఆయన సైకిలును తలకిందులుగా నిలబెట్టి, టార్చి వేసి ఒక్కో అతుకూ చూశాడట. తుప్పు గీకి రంగు వేసిన చోటు కూడా ఫిల్ము కింద స్పష్టంగా కనబడుతోంది. నాలుగేళ్లుగా అది గోరంత కూడా పాకలేదు. “కప్పు ఉండాది గానీ అంతా కనిపిస్తా ఉండాదే!” అన్నాడట. మర్నాడు క్యారియరు మీద రాగుల మూట కట్టుకుని, ఆ నాలుగు కిలోమీటర్లూ తానే తొక్కి వచ్చాడు. ఆ తర్వాతి సోమవారం పిల్లను పంపాడు.

ఫిల్ము వేసినందుకే ఆ పిల్ల బడికి పోయిందని నేను చెప్పను. పంపిన తండ్రి మనసు, పోతానన్న పిల్ల పట్టుదల ముందు అదెంత! కానీ కవరు కిందే ఇంకో రెండేళ్లు మగ్గి అతుకు తుప్పు తినేసి ఉంటే, ఆ టార్చి వెలుగులో మా మాట నిలిచేది కాదు.

ఇప్పుడా పిల్లకు తొమ్మిదో తరగతి. మొన్న ఫోను చేసి, “పెద్దమ్మా, చైను కాడ ఫిల్ము కొన లేచింది. నేనే తీసి కొత్తది వేస్తా, కొలత చెప్పు” అంది. పాతది తీసేటప్పుడు డ్రయ్యరుతో వెచ్చచేసి, పడుకోబెట్టినట్టు వాలుగా, నెమ్మదిగా లాగమన్నాను. జిగురు మిగిలితే కొబ్బరినూనె రాసి తుడిచి, తర్వాత సబ్బునీళ్లతో జిడ్డు పోగొట్టమన్నాను. కొలతలు నోటితో చెప్పలేదు. మా అమ్మాయి కత్తిరించిన కాగితం నమూనాలు నా జాకెట్టు నమూనాలతో పాటే బీరువాలో ఉన్నాయి. ‘మెడ దగ్గరిది’, ‘బూటు తగిలేది’, ‘చైను పక్కది’ అని వాటి మీద పెన్సిలుతో రాసి ఉంది. వాటిని మడిచి, కవరులో పెట్టి, మిగిలిన ఫిల్ము ముక్కతో సహా కుప్పం పంపించాను.

మీరూ నమూనాలు పారేయకండి. ఆ సైకిలు ఎక్కబోయే పిల్ల ఇంకా ఏ ఊళ్లో ఉందో!